పితికిపప్పు, హిదుకిదబేళె, పిదుక్కు పరుప్పు

హోసూరు బస్టాండులో నిలబడితే ఒకే ఊరి పేరు మూడు తీర్లుగా కనబడుతుంది. తమిళనాడు బస్సుల మీద ‘ఓసూర్’ అని ఉంటుంది. అత్తిబెలె దాటి వచ్చే కర్ణాటక బస్సు మీద ‘హొసూరు’. తెలుగులో రాసుకునేవాళ్లు ‘హోసూరు’ అని రాస్తారు. పేరు పెట్టింది మాత్రం కన్నడం. హొస అంటే కొత్త. తమిళానికి సొంత హకారం లేదు కనుక అక్కడ ఓసూర్ అయింది. ఆ మాటకొస్తే కన్నడానికీ ఈ హ పుట్టుకతో రాలేదు. పాత కన్నడంలో అది ‘పొస’. సుమారు పదో శతాబ్దం నుంచి కన్నడంలో మాట మొదటి పకారం మెల్లగా హకారం కావడం మొదలై, కొన్ని వందల ఏళ్లలో భాషంతా పాకింది. అలా పాలు హాలయ్యాయి, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది, పల్లి హళ్ళి అయింది.

కొత్త భాష నేర్చుకోవాలని ఉబలాటపడేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే నేను మొదట చెప్పే ఊరు ఇదే. బెంగళూరు నుంచి 40 కిలోమీటర్లు. సిప్‌కాట్ పారిశ్రామికవాడకూ, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలకూ, విదేశాలకు విమానమెక్కే గులాబీలకూ పేరున్న ఊరు. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఊరికీ, దీని కింద ఉన్న కృష్ణగిరికీ ఉన్న మరో సంపద గురించి పెద్దగా ఎవరూ రాయరు. తెలుగు, కన్నడం, తమిళం అనే మూడు అక్కచెల్లెళ్లు ఒకే సంతలో కూరగాయలు కొనుక్కునే చోట్లు మన దేశంలో చాలా లేవు. భాషలను పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాడికి ఇంతకంటే మంచి బడి దొరకదని నా నమ్మకం.

హోసూరు కూరగాయల మార్కెట్‌లో ఒక పావుగంట ఊరికే నిలబడితే చాలు. గంప ముందు కూర్చున్న ఆమె ఒకరిని ‘ఎంత కావాలక్కా?’ అంటుంది. ఆ వెంటనే పక్కనున్నావిడ చీర కట్టునో, పలకరింపునో పట్టి ‘ఎష్టు బేకక్కా?’ అంటుంది. మూడో ఆమెను ‘ఎవ్వళవు వేణుంక్కా?’ అంటుంది. ఎక్కడా తడుముకోదు. ఏ భాషలో మాట్లాడుతున్నావని అడిగితే ఆలోచించి చెప్పాల్సి వస్తుంది ఆమెకు. కొనేవాళ్లు కూడా అంతే. బేరం తెలుగులో మొదలై, చిల్లర లెక్క తమిళంలో సాగి, ‘సరి, బర్తీని’ అని కన్నడంలో ముగిసినా ఎవరూ తల తిప్పి చూడరు.

జనవరిలో వెళ్తే ఆ గంపల నిండా అనపకాయలుంటాయి. కన్నడంలో అవరెకాయి, తమిళంలో అవరై అనో మొచ్చై అనో అంటారు. చలి ముదిరి మంచు పడేకొద్దీ కాయలో నూనె ఊరుతుందనీ, అప్పుడే దాని వాసన తెలుస్తుందనీ ఇక్కడివాళ్లు చెబుతారు. ఆ గింజల్ని రాత్రి నానబోసి, పొద్దున్నే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కొక్కటిగా నొక్కుతారు. తొక్క వేళ్ల మధ్య మిగిలిపోతుంది, లోపలి పప్పు టక్కున గిన్నెలోకి దూకుతుంది. అలా తీసింది పితికిపప్పు. చిత్తూరు జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు, సంక్రాంతికి రాగిముద్దలోకి అదే పులుసు. అదే గింజ, అదే గిన్నె, పక్కింటి కన్నడ ఇల్లాలి నోట హిదుకిదబేళె. ఎదురింటి తమిళ ఇల్లాలికి పిదుక్కు పరుప్పు. పితుకు, హిదుకు, పిదుక్కు: మూడూ ఒకే క్రియ. మనం ఆవును పితికేదీ అదే మాటతో. తెలుగు ప, కన్నడ హ, తమిళ ప. హాలు, హులి చెప్పిన సూత్రమే వంటింట్లోనూ పనిచేసింది. పప్పు, పరుప్పు కూడా ఒకటే. మధ్యలో ఉన్న ‘రు’ తెలుగులో కరిగిపోయింది.

ఈ ఒక్క సూత్రం చేతికి వచ్చిందంటే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో చూడండి. పది హత్తు, పంది హంది, పండు హణ్ణు. హోసూరు చుట్టుపక్కల పల్లి అని ముగిసే ఊరి పేర్లు, కర్ణాటక వైపు హళ్ళి అని ముగిసే పేర్లు పక్కపక్కనే వస్తుంటాయి. వాటి మధ్య ఉన్నదల్లా ఆ ఒక్క అక్షరం దూరమే.

రెండో సూత్రం కృష్ణగిరి మామిడితోటల్లో దొరుకుతుంది. కృష్ణగిరి జిల్లా మామిడికి పేరు. ఇక్కడి తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లి డబ్బాల్లో పరదేశాలకు పోతుంది. చిత్తూరు వైపు దాన్ని బెంగళూరా అంటారు, కోస్తాలో కలెక్టరు కాయ అంటారు. తమిళులకు అది కిళిమూక్కు. కన్నడిగులకు గిణిమూతి. కొన వంగి చిలక ముక్కులా ఉంటుంది గనుక ఆ పేర్లు. తమిళం ‘కిళి’ అన్నది, కన్నడం ‘గిళి’ అనో ‘గిణి’ అనో అన్నది, మనం ‘చిలుక’ అన్నాం. ఇ, ఎ అచ్చుల ముందు వచ్చిన పాత కకారం తెలుగులో చకారమైంది. కన్నడం కకారాన్నే నిలుపుకుంది. మన చెవి కన్నడ కివి. మన చెరువు వాళ్ల కెరె. తమిళం కూడా చాలా చోట్ల మనలాగే మార్చుకుంది. చెవి అక్కడా ‘సెవి’నే. మరి కిళి ఎందుకు మారలేదు? ఆ తర్వాత వచ్చింది ళకారం కాబట్టి. నాలుక మడిచి పలికే హల్లు వెంట ఉంటే తమిళం కకారాన్ని కదపలేదు. తెలుగు అదేమీ పట్టించుకోలేదు. ఇంకో తమాషా కూడా ఆ మామిడిపండులోనే ఉంది. మూక్కు మన ముక్కు, మూతి మన మూతి. తమిళం పెట్టిన పేరులో ఒక సగమూ, కన్నడం పెట్టిన పేరులో ఒక సగమూ మనకు అర్థమవుతాయి.

ఇలా కొంచెం కొంచెంగా తెలుస్తూ ఉండడమే ఈ ప్రాంతపు రుచి. దూరదూరపు భాషల్ని పక్కన పెడితే ఈ రుచి రాదు. ఈమధ్య కుర్రకారు ఫోన్లలో ఏ భాష నచ్చితే ఆ భాష నేర్చుకుంటున్నారు, సంతోషం. ఒకరు పష్తో అంటారు, ఒకరు ఫిలిపినో అంటారు. పష్తో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ కొండల భాష. ఇరానీ శాఖకు చెందినది, అంటే ఫార్సీకి చుట్టం, హిందీకి దూరపు బంధువు. ఫిలిపినో ఫిలిప్పీన్స్ దీవుల భాష, మలయ్, ఇండోనేషియన్ భాషల కుటుంబం. పష్తోలో క్రియ మనలాగే వాక్యం చివర వస్తుంది. అయితే భూతకాలంలో సకర్మక క్రియ కర్తను వదిలేసి కర్మతో లింగవచనాలు కలుపుకుంటుంది. ‘మైనే రోటీ ఖాయీ’ అన్న హిందీ వాక్యం గుర్తొచ్చిందా, అదే పద్ధతి. ఫిలిపినోలో క్రియ మొదటే వచ్చేస్తుంది. ‘ఉమినోమ్ అకో నాంగ్ తూబిగ్’ అంటే వరసగా తాగాను, నేను, నీళ్లు. పైగా ‘ఇనోమ్’ అనే తాగడం ముందుకు ‘ఉమ్’ చేరి ఉమినోమ్ అవుతుంది. పష్తోలో ప్రతి నామానికీ స్త్రీలింగమో పుంలింగమో ఉండాల్సిందే. ఫిలిపినోలో అతడికీ ఆమెకూ కలిపి ‘సియా’ ఒక్కటే.

తేడాలు చూడడానికి ఈ జంట అద్భుతం. పోలికలు కావాలంటే మాత్రం అరువు మాటల దగ్గరే ఆగాలి. పష్తోలో కితాబ్, దోస్త్ వినబడతాయి. ఫిలిపినోలో టీచరు ‘గురో’, మొహం ‘ముఖా’, ఆశ ‘ఆసా’. సముద్రం దాటి వెళ్లిన సంస్కృతం అది. వినగానే ముచ్చటేస్తుంది. కానీ ఆ మాటలు పట్టుకుని తర్వాతి మాట ఊహించలేం. హోసూరులో ఊహించవచ్చు. పాలు తెలిసినవాడు హాలును ఊహిస్తాడు, వెన్న తెలిసినవాడు బెణ్ణెను పట్టుకుంటాడు. మాట మొదట్లో మన వకారం కన్నడంలో బకారమవుతుంది. వేరు బేరు, వేప బేవు, వెల్లుల్లి బెళ్ళుళ్ళి. అరువులో ఉండేది పరిచయం మాత్రమే, రక్తసంబంధంలో సూత్రం ఉంటుంది.

ఈ రక్తసంబంధాన్ని లోకానికి మొదట చూపించిన పని కూడా సరిగ్గా ఈ మూడు భాషల మీదే జరిగింది. 1816లో మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఒక పీఠిక రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో దాని ధాతువులు కలుస్తాయనీ పక్కపక్కన పట్టికలు వేసి నిరూపించాడు. ఆ ధాతువుల పని వెనుక పట్టాభిరామశాస్త్రి అనే మన పండితుడి శ్రమ ఉంది. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది 1856లో, అంటే ఎల్లిస్ తర్వాత నలభై ఏళ్లకు. మన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’, 2003లో ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’ తెచ్చి ఆ దారిని రాచబాట చేశారు. పట్టాభిరామశాస్త్రి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

కృష్ణమూర్తి చెప్పిన ఒక సంగతి హోసూరులో వింటే బాగా తలకెక్కుతుంది. తమిళ కన్నడాలు ఒకదానికొకటి దగ్గర. తెలుగు ఇంకో కొమ్మ మీద గోండీ, కువి వంటి భాషలతో కూర్చుంది. రోజంతా ఈ మూడూ కలిసే తిరుగుతున్నా ఆ కొమ్మ తేడా మాత్రం పోలేదు. ఆడపిల్ల వచ్చిందని చెప్పాలంటే కన్నడం ‘బందళు’ అంటుంది, తమిళం ‘వందాళ్’ అంటుంది. ఆవు వచ్చిందంటే ‘బంతు’, ‘వందదు’. తెలుగులో పిల్లా వచ్చింది, ఆవూ వచ్చింది. ఏకవచనంలో మనకు ఆడవాళ్లకు వేరే క్రియ లేదు. తమిళం నేర్చుకునే తెలుగు పిల్లలు మొదట తడబడేది ఇక్కడే.

ఇంకోటి, తెలుగు చేసిన పెద్ద అల్లరి. మాట మొదట్లో ఉన్న అచ్చును లోపలికి నెట్టి హల్లును ముందుకు లాగింది. తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు, మనకు రోలు. పాత తమిళంలో ఉగిర్, కన్నడంలో ఉగురు, మనకు గోరు. అవన్, అవను, వాడు. ఇరండు, ఎరడు, రెండు. అయితే వీధి తమిళంలో ఇరండు అనరు, ‘రెండు’ అనే అంటారు, అచ్చం మనలాగే. తమిళం పుస్తకంలో నేర్చుకుని ఇక్కడ దిగినవాడు దీనికి ఆశ్చర్యపోతాడు. హోసూరు అంగట్లో నేర్చుకున్నవాడికి పుస్తకమే వింతగా ఉంటుంది.

నాలుక మడతపెట్టి జార్చే ఆ తమిళ ‘ఴ’ గురించి కూడా చెప్పాలి. కోఴి అన్నప్పుడు వినబడేది. కన్నడం దాన్ని ళకారం చేసుకుంది, కోళి. తెలుగు డకారం చేసుకుంది, కోడి. ఏఴు, ఏళు, ఏడు. సుఴి, సుళి, సుడి. చిత్రమేమిటంటే ఈ అక్షరం ఒకప్పుడు మనదగ్గరా ఉంది. కడప సీమలో రేనాటి చోళులు వేయించిన తొలి తెలుగు శాసనాల్లో ఆ ఴ చెక్కి ఉంది. తమిళుడు కోఴి అంటుంటే మన పూర్వికుల నోరు వింటున్నట్టే.

పోలికల వెంట ప్రమాదాలూ ఉన్నాయి. తమిళంలో ‘ఎప్పడి’ అంటే ఎలా అని. ఎప్పుడు అని కాదు. ‘ఎప్పడి వందీంగ?’ అని తమిళ పెద్దాయన అడిగితే తెలుగువాడు ‘పొద్దున్నే’ అంటాడు. ఆయన అడిగింది బస్సులోనా, బండిమీదనా అని. ‘వీడు ఎంగే?’ అంటే ఇల్లెక్కడ అని, వీడెక్కడ అని కాదు. ‘ఇల్లె’ అన్నా, కన్నడంలో ‘ఇల్ల’ అన్నా లేదు అని, ఇల్లుతో సంబంధం లేదు. కన్నడంలో ఇల్లు ‘మనె’.

అన్నిటికంటే సూక్ష్మమైనది మనం, మేము. ఎదుటివారిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. తమిళానికీ ఈ తేడా ఉంది, నామ, నాంగ అని. వాడుక కన్నడంలో ఇది పోయింది, ‘నావు’ ఒక్కటే మిగిలింది. అందుకని ‘నమ్మ ఊరు’ అనే మాట హోసూరులో రెండు భాషల్లోనూ ఒకేలా వినబడుతుంది కానీ దాని వైశాల్యం వేరు. తమిళుడు ‘నమ్మ ఊరు’ అంటే వింటున్న నువ్వూ ఆ ఊరివాడివే. కన్నడిగుడు అంటే నువ్వు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వింతేమిటంటే ఇంత దగ్గరి చెల్లెలికి పోయిన ఈ తేడా ఎక్కడో దీవుల్లోని ఫిలిపినోకు ఉంది. ‘తాయో’ మన మనం, ‘కామి’ మన మేము. కన్నడ పిల్లాడికి దీన్ని వివరించడం కష్టం, ఫిలిప్పీన్స్ పిల్లాడికి ఒక్క నిమిషం చాలు.

ఇంతకీ ఈ మూడూ ఇక్కడ ఎలా చేరాయి? నేలను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. హోసూరు మైసూరు పీఠభూమి మీద, గాలి చల్లగా వీచే ఎత్తులో ఉంది. శూలగిరి దాటాక రోడ్డు మేలుమలై దగ్గర కిందికి దిగుతుంది, కృష్ణగిరి మైదానం మొదలవుతుంది, ఎండ మారుతుంది. పైన తెలుగుతో పాటు కన్నడం ఎక్కువ వినబడుతుంది, కింద తెలుగుతో పాటు తమిళం. కొండ మీదా, కొండ కిందా వినబడేది తెలుగు. బాగలూరు, శూలగిరి, బేరికె వైపు తెలుగు పాలెగాళ్ల ఏలుబడి సాగింది. పెనుకొండను కాపాడి పేరు తెచ్చుకున్న జగదేవరాయలు కృష్ణగిరి చుట్టుపక్కలి బారామహల్‌ను ఏలాడు, కృష్ణగిరి దగ్గరి జగదేవి ఆయన పేరు మీద ఉన్న ఊరే. విజయనగరం నీడన దిగివచ్చిన రైతులూ సైనికులూ ఇక్కడే నాగలి పట్టారు. ఈనాటికీ దారి అదే. ఉరవకొండ నుంచి అనంతపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి కృష్ణగిరిలోనే ఆగుతుంది. రాయలసీమ యాస ఆ రోడ్డు పొడుగునా నడిచి వచ్చినట్టే ఉంటుంది.

మిగతా సగం జవాబు రాజకీయం. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాడు. అలెగ్జాండర్ రీడ్ కలెక్టరయ్యాడు. అతని కింద పనిచేసిన కుర్ర అధికారుల్లో థామస్ మన్రో ఒకడు, మన సీడెడ్ జిల్లాలకు రాకముందు ఏడేళ్లు ఇక్కడే రైతుల పొలాలు కొలిచాడు. కొండ మీది హోసూరు మాత్రం టిప్పు చనిపోయిన 1799 దాకా మైసూరుదే. తర్వాత రెండూ సేలం జిల్లా అయ్యాయి. 1956లో భాషల పేరున గీతలు గీసినప్పుడు ఇవి మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. సరిహద్దు తగువు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పుతో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు సేలం జిల్లా సరిహద్దు ఊళ్లు కొన్ని ఇటు ఆంధ్రలోకి వచ్చాయి. హోసూరు కదలలేదు. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టిన తొరపల్లి హోసూరు పక్కనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953లో మద్రాసు ముఖ్యమంత్రి ఆయనే.

మూడు భాషలు విన్నాక మనవాళ్లు ఇక్కడి తెలుగును ‘కలగాపులగం’ అనడం నేను చాలాసార్లు విన్నాను. అది నాకు నచ్చదు. ‘ఉండాది’, ‘వస్తా ఉండాను’, ‘యాల’, ‘పిలకాయలు’, ‘మడక’ వంటి మాటలు చిత్తూరు, అనంతపురం, కోలారు పల్లెల్లోనూ ఉన్నాయి. ఇవి ఇక్కడ చెడిపోయిన మాటలు కావు, ఈ నేల మొత్తానికీ సొంతం. ‘యాల’ మన పాత ‘ఏల’నే, కోస్తా నగరాల్లో పద్యాల్లో తప్ప వినబడదు. ప్రళయకావేరి కథలు రాసిన స.వెం. రమేశ్ హోసూరు ప్రాంతంలో తెలుగు కోసం తిరిగారు, ఇక్కడివాళ్ల చేత ఇంటి యాసలోనే కతలు రాయించారు. ఆ కతలు చదివితే తెలుగు ఎంత విశాలమో తెలుస్తుంది. ఈ ప్రాంతాన్ని ఆ కతలు రాసినవాళ్లు మొరసునాడు అని పాత పేరుతోనే పిలుచుకుంటారు.

ఇక మనసు కలుక్కుమనే సంగతి. ఈ నేల మీద మూడు భాషలు మాట్లాడే పిల్లాడు ఎన్ని చదవగలడు? 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం ఆ రాష్ట్రపు బడులన్నిట్లోనూ తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పెంచారు. 2016 నాటికి ఆ పిల్లలు పదో తరగతి పరీక్షకు వచ్చారు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు సొంత భాష ఐచ్ఛికం అయింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కోర్టుల చుట్టూ తిరిగారు. హైకోర్టు మినహాయింపులిచ్చింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ ఏటి పదో తరగతి పిల్లలకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. ఏ ఏటికాయేడు అనుమతి మీద ఒక భాష నిలబడడం ఎంతకాలం? తమిళం నేర్చుకోవడానికి ఇక్కడి తెలుగువాళ్లకు అభ్యంతరం లేదు, వాళ్లకది రానిదెప్పుడు? ఇంట్లో మాట్లాడేది చదవడం, రాయడం కూడా రావాలని అడుగుతున్నారు. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు, చివర తమిళనాడుకు జై కొట్టినప్పుడు, ఈ రెండింటికీ మధ్య తగువు లేదని దేశమంతా చూసింది.

అక్షరం రాని భాష మాటగా కొన్నాళ్లు బతుకుతుంది. ఇప్పటికే కొత్త పనుల పేర్లు తెలుగులోకి తమిళం నుంచో ఇంగ్లీషు నుంచో వస్తున్నాయి. జిల్లా కన్నా ‘మావట్టం’ బోర్డులే కళ్లకు అలవాటు. ఇటు పక్క కొత్త కర్మాగారాలు లేస్తున్నాయి. హోసూరు దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్, పోచంపల్లి దగ్గర ఓలా. మన పోచంపల్లి కాదు, కృష్ణగిరి జిల్లాలోనిది. ఝార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉంటున్నారు, సాయంత్రం టీకొట్ల దగ్గర హిందీ వినబడుతోంది. కూరగాయల గంప ముందరి ఆమె ‘కిత్నా చాహియే దీదీ’ కూడా నేర్చేసుకుంది. నాలుగోదాన్ని చేర్చుకోవడంలో ఆ ఊరికి ఇబ్బంది లేదు. ఉన్న మూడింటిలో ఒకటి జారిపోకుండా ఉంటే చాలు.

సరిహద్దు దాటితే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ పెట్టింది, పొరుగు రాష్ట్రాలు చేయి కలిపాయి. ఈ భాషల్ని కలిపి చదవాలన్నదే దాని పుట్టుక. అక్కడ చదివే ప్రతి విద్యార్థినీ ఒక చలికాలం హోసూరు పల్లెల్లో గడపమంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. తళి, దెంకనికోట, బాగలూరు, వేపనపల్లి, ఒక్కో ఊళ్లో ఒక్కో కలయిక. దెంకనికోటలో దొరికింది వేపనపల్లిలో దొరకదు.

మీరు వెళ్తే జనవరిలో వెళ్లండి. పుస్తకం అక్కర్లేదు, చేతిలో చిన్న నోటుబుక్కు ఉంచుకోండి. ముందు ఒళ్లు చూపించి అడగండి. చేయి, గోరు, చెవి, వేలు. వేలు దగ్గర కాస్త ఆగండి. తమిళం విరల్, కన్నడం బెరళు. వకారం బకారం కావడమూ, అచ్చు లోపలికి జరగడమూ రెండూ ఆ ఒక్క వేలిలో కనబడతాయి. తర్వాత అంకెలు అడగండి, తొమ్మిది దగ్గర తమిళ కన్నడాలు ఒక దారి, తెలుగు ఇంకో దారి పడతాయి. ఆ తర్వాత రామనాయకన్ ఏరి దాకా నడవండి. హోసూరు మధ్యలో ఉన్న పాత చెరువు అది. గట్టు మీద ఎవరినైనా దీన్నేమంటారని అడిగితే కెరె అని ఒకరు, చెరువు అని ఒకరు, ఏరి అని ఒకరు అంటారు. కెరె, చెరువు ఒకే మాట అని ఇప్పటికి మీకు తెలుసు. ఏరి కలవదు. కెరె, చెరువుల అసలు తోబుట్టువు తమిళంలో ‘సిఱై’. దానికి ఇవాళ వాడుకలో జైలు అని అర్థం, పాత తమిళంలో నీటికట్ట అని కూడా ఉంది. మన చెర కూడా అదే మాట. కట్టేసిన నీళ్లు చెరువైతే కట్టేసిన మనిషిది చెర. ఇవి నోటుబుక్కులో ఎక్కాయంటే రెండో రోజు కృష్ణగిరి బస్సెక్కవచ్చు, మేలుమలై దిగువన మాటలు మారతాయి.